తడి వైరు కాదు

తడి వైరు కాదు. ఆ మాట ఆమె పైకి అనలేదు, అంటే ప్లేయర్ చిన్నబుచ్చుకుంటాడు, వాన వెలిసిన బురదలో మోకాళ్ళ మీద కూర్చుని జంక్షన్ బాక్సు మూత విప్పుతున్న మనిషికి నీ అనుమానం తప్పయ్యా అని కిటికీలోంచి కేకేసి చెప్పడం ఏం మర్యాద, పైగా ఎన్నో ఏళ్ళుగా తన పక్కన నిలబడి వైర్లు కలిపిన మనిషి, జేబులో ఎప్పుడూ కటింగ్ ప్లేయర్ ఉంటుంది కనుక అందరూ ప్లేయర్ అంటారు గానీ జన్మలో ఏ ఆటా ఆడి ఎరగడు, అతని అనుమానం అతన్ని తీర్చుకోనీ, కానీ ఆమె మనసులో మాత్రం ఆ మాట గుండ్రాయిలా కూర్చుంది, తడి వైరు కాదు, నా గడప అబద్ధం చెప్పలేదు, ఏదో ఉందని అది అన్నదంటే ఉన్నట్టే, నాకు కనిపించడం లేదు, అంతే. కాపలావాళ్ళ గదిలో రేకుల కప్పు కింద ఫ్యాను తిరుగుతూ తిరుగుతూ ఒకచోట టక్కుమంటోంది, గోడకు మూడు టోపీలు వేలాడుతున్నాయి, బల్ల మీద ఎవరో సగం తాగి వదిలేసిన టీ గ్లాసు, దాని అంచున ఒక ఈగ, కిటికీ అవతల రోడ్డుకు అటొకటీ ఇటొకటీ పసుపు రంగు స్తంభాలు. ఉక్కు కార్ఖానాలోకి వెళ్ళే తుక్కు లారీలన్నీ ఆ రెంటి మధ్యనుంచే వెళ్ళాలి, తుక్కులో ఎక్కడైనా రేడియేషన్ చిమ్మే ముక్క దాగి ఉంటే అది కొలిమిలో పడకముందే ఆ స్తంభాలు పసిగట్టి మోగాలి. కాగితాల మీద వాటికేదో పొడుగాటి పేరుంది. ఆమె గడప అంటుంది. కనిపెట్టినది ఆమె కనుక పేరు పెట్టే హక్కు కూడా ఆమెదే.

పొద్దున్న ఎంత హుషారుగా గడిచిందో. పరీక్షాధికారి లారీల్లో తుక్కు అడుగున గోరంత రేడియేషన్ బిళ్ళలు దాచి పంపించాడు, ఒకటి పాత ఇంజను పొట్టలో, ఒకటి సీసపు గొట్టంలో, ఇంకొకటి ఎక్కడ పెట్టాడో ఆయనే మర్చిపోయి గడప చూపించాక గుర్తు తెచ్చుకుని నవ్వాడు, నవ్వడం అలవాటు లేని మనిషి, నవ్వు ముఖమ్మీద కొత్త చెప్పుల్లా బిగుసుకుపోయింది. మోగవలసిన ప్రతిసారీ మోగింది. ఇక మిగిలింది మౌనం పరీక్ష. మోగడం సగం విద్యే, మోగకూడనప్పుడు నోరు మూసుకోవడం మిగతా సగం, సాయంత్రం షిఫ్టు దిగేదాకా ఎన్ని బళ్ళు వెళ్ళినా కారణం లేకుండా ఒక్కసారి మోగిందా, పరీక్ష పోయినట్టే, గడప విప్పి గిడ్డంగిలో పడేస్తారు, ఊరూరా కార్ఖానాల ముందు ఆ పాత గుడ్డి యంత్రాలే నిలబడతాయి. మోగింది. లారీకి కాదు, సాక్షాత్తూ ఆమె మొగుడి కారుకి. ఇంట్లో మర్చిపోయిన కళ్ళజోడూ భోజనం డబ్బా పట్టుకుని వచ్చిన పెద్దమనిషి కారు స్తంభాల మధ్యకు రాగానే ఎర్ర దీపం వెలిగింది, మోత మోగింది, కాపలావాళ్ళు పరుగెత్తారు. ఆయన్ని దింపి కారంతా గాలించారు, ఏమీ లేదు. కాపలావాడు ఒక్కడే నడుపుతూ ఖాళీ కారుని మళ్ళీ గడప దాటించాడు, గడప కిక్కురుమనలేదు. డబ్బా పట్టుకెళ్ళారు, కిమ్మనలేదు. కళ్ళజోడు పట్టుకెళ్ళారు, దానికీ కిమ్మనలేదు. అప్పుడు పరీక్షాధికారి రుమాలుతో నుదురు తుడుచుకుని, కోపమూ జాలీ రెండూ లేని గొంతుతో, “ఒక గంట తీసుకోండి. కారణం చూపించండి, రాసుకుంటాను. చూపించలేకపోతే, అదీ రాసుకుంటాను,” అన్నాడు.

ఆ గంటలో కొంత అప్పుడే అయిపోయింది. ఆమె ముందు బల్ల మీద గడప గీసిచ్చిన కాగితం ఉంది, ఆ మోత ఎలా మొదలై ఎలా ముగిసిందో చూపించే గీత, ఆమె కళ్ళజోడు పెట్టుకుని చూసింది, తీసేసి చూసింది, కాగితం తలకిందులు చేసి కూడా చూసింది. ఆ గీత కొండలా ఉంది. కారు వస్తుంటే మెల్లగా లేచి, నడిమధ్యకు వచ్చినప్పుడు శిఖరమెక్కి, కారు వెళ్ళిపోతుంటే మెల్లగా దిగిపోయిన నున్నటి చిన్న కొండ. వైరులోకి తడి చేరితే గీత ఇలా ఉండదు, నూనెలో నీళ్ళు పడ్డట్టు చిటపటలాడుతుంది, తడికి కారు ఎప్పుడొచ్చిందో ఎప్పుడెళ్ళిందో ఏం తెలుసు. ప్లేయర్ వాదన ఏమిటంటే అందిన కిరణాలన్నీ మెత్తవి, శక్తి తక్కువవి, తడి వైరు పుట్టించే దొంగ సంకేతాలూ అలాగే మెత్తగా ఉంటాయని. నిజమే. ఆ కిరణం ఏ పదార్థానిదో పేరుపెట్టి చెప్పే స్ఫటికం గడపలో ఉంది గానీ దానికి కొంచెం వ్యవధి కావాలి, కారు జుయ్యిన వెళ్ళిపోయింది, స్ఫటికం నోరు తెరిచేలోగా వెళ్ళిపోయింది. మెత్తగా ఉన్నదని మాత్రం చెప్పగలిగింది. మెత్తనిది, కారుతో వచ్చినది, కారులో ఇప్పుడు లేనిది. మూడే ముక్కలు. లారీ అయితే ఈపాటికి తేల్చేసేదాన్ని, అనుకుందామె, లారీల విషయంలో నన్ను మించినవాళ్ళు లేరు, మరి ఇదేమిటి ఇలా చేతికి చిక్కకుండా జారిపోతోంది.

అన్నయ్య ఇక్కడుంటే ఏదో ఒకటి అని నవ్వించేవాడు. నా వేళ్ళు నీ చదువుకి ఫీజు కట్టాయే చెల్లాయ్ అనేవాడు, ఎప్పుడూ అనే మాటే, విన్న ప్రతిసారీ ఆమెకి ముందు నవ్వొస్తుంది, తరవాత చూపు ఆ చేతి మీదికి పోతుంది. వయసులో ఉన్నప్పుడు తుక్కు కొట్లో పని చేసేవాడు. ఒకనాడు ఇనప్పెట్టె పగలగొడితే బొటనవేలంత మెరిసే కడ్డీ ఒకటి దొరికింది, తాపీమేస్త్రీకిస్తే తూకం గుండులా పనికొస్తుందని ప్యాంటు జేబులో వేసుకున్నాడు, రోజంతా తొడకి ఆనించుకుని తిరిగాడు. అది వేడిగా లేదు. వాసన లేదు. గుయ్యిమనలేదు. సాయంత్రానికి వాంతులు, తిన్నది పడలేదన్నారు, కొన్నాళ్ళకి తొడ మీద చర్మం ఊడొచ్చింది, వేడినీళ్ళు ఒలికాయా అని అడిగారు, దాన్ని తిప్పి తిప్పి చూసిన కుడిచెయ్యి వేళ్ళు మూడు పోయాక గానీ అదేమిటో ఎవరికీ తెలియలేదు. బడికి వెళ్ళే పిల్ల అప్పుడామె, కట్టు మార్చేటప్పుడు గిన్నె పట్టుకుని నిలబడేది. పళ్ళ బిగువున అన్నయ్య ఒకే మాట అడిగాడు, వేడి లేదు, వాసన లేదు, రంగు మారలేదు, మరి దేన్ని చూసి భయపడాలే చెల్లాయ్ అని. ఆ ప్రశ్నకి జవాబు చెప్పడమే ఆమె బతుకంతా చేసిన పని. చెప్పింది కూడా. అదిగో కిటికీ బయట నిలబడి ఉంది, పసుపు రంగు వేసుకుని. ఆ సంగతిలో ఆమెకి వినయం లేదు, ఉండవలసిన అవసరమూ కనిపించలేదు.

గడప అసలు గుట్టు అప్పట్లో దొరికింది వంటింట్లో, అదీ మొగుడి మీద విసుక్కుంటుంటే. వంటింటి గట్టు మీద రేడియేషన్ లెక్కపెట్టే కౌంటరు పెట్టుకుని లెక్క రాసుకుంటోంది, నేలా గోడలూ ఇటుకలూ అన్నీ ఎంతో కొంత రేడియేషన్ ఇస్తూనే ఉంటాయి, ఏ చప్పుడూ లేని ఇంట్లో కూడా కౌంటరు ఊరికే గొణుగుతుంటుంది, ఆ గొణుగుడు ఉన్నట్టుండి తగ్గింది. తలెత్తి చూస్తే ఈయన, ఈత నేర్పే మాస్టారు, తలుపంత మనిషి, గోడకీ కౌంటరుకీ మధ్య నిలబడి టీ పెట్టమంటావా అని అడుగుతున్నాడు. అడ్డం తప్పుకోండి, నా లెక్క తగ్గిపోతోంది, అంది. తప్పుకున్నాడు, పెరిగింది. మళ్ళీ రండి, అంది. వచ్చాడు, తగ్గింది. ఆ పూట టీ ఎవరూ పెట్టలేదు, ఆయన్ని బకెట్టుతో ఒకసారి, బియ్యం బస్తాతో ఒకసారి, పరుపు చుట్ట నెత్తిన పెట్టించి ఒకసారి అటూ ఇటూ నడిపిస్తూనే ఉంది, లారీ కూడా ఇంతే కదా, లారీ లోపలికి రాగానే దాని ఒళ్ళే అడ్డం పడి నేల గొణుగుడు తగ్గుతుంది, దొంగ ముక్క ఉంటే ఆ తగ్గినంతా పూడ్చి లెక్కని మామూలుగా చేసేస్తుంది, మామూలుగా ఉంది కదా అని పాత యంత్రం చేతులు కట్టుకుని ఊరుకుంటుంది. పెరగడం కోసం చూడకూడదు. తగ్గవలసినంత తగ్గిందా లేదా అని చూడాలి. ఇంతే. ఇంత చిన్న మాట ఎవరికీ ఎందుకు తట్టలేదని పెద్దపెద్ద సభల్లో పెద్దపెద్దవాళ్ళు తలలు పట్టుకున్నారు. వాళ్ళ ఇళ్ళల్లో తలుపంత మొగుళ్ళు లేరు కాబోలని ఆమె చెప్పేది, ఈయన వెనక వరసలో కూర్చుని అందరికంటే ముందు చప్పట్లు కొట్టేవాడు, ఆ తరవాత కనిపించిన ప్రతివాడికీ నేనేనండీ మొదటి లారీని అని చెప్పుకునేవాడు, కూరగాయల కొట్టు దగ్గర కూడా.

తలుపు చప్పుడైంది. ప్లేయర్, మోచేతుల దాకా బురద, ముఖం వెలిగిపోతోంది. దొరికింది మేడమ్ అన్నాడు, మూడో బాక్సు మూత లోపల తడి ఉంది, వేలు పెట్టి తీస్తే చెమ్మ తగిలింది, ఇదిగో చూడండని వేలు చూపించాడు, ఆ వేలి మీద ఉన్నది బాక్సు చెమ్మో బయటి బురదో దేవుడికే తెలియాలి. ఆమె కాగితం అతని ముందుకి తోసింది. అతను చూశాడు. ఆ కొండ అతనికీ కనిపించింది, కనిపించిందని అతని ముఖమే చెప్పింది, అయినా గొంతు తగ్గించి మేడమ్, ఈ గీత ఆ అధికారికి అర్థం కాదు, తడి అర్థమవుతుంది, తడి అని చెప్పేద్దాం, బాక్సులు మార్చి మళ్ళీ పరీక్ష పెట్టించుకుందాం, వానాకాలం కదా ఒప్పుకుంటారు, ఊరికే పోగొట్టుకుంటామా అన్నాడు. ప్రేమతోనే అన్నాడు. ఆ మాటలో లాభం కూడా ఉంది.

“తడి అని ఇవాళ మనమే చెబితే,” అంది ఆమె, “రేపు నిజంగా మోగినప్పుడు ఆ కాపలావాడు ఏమనుకుంటాడు? వానొచ్చిందిలే, తడిసింది పాపం అనుకుని లారీని వదిలేస్తాడు. ఒక్కసారి అబద్ధాలకోరు అనిపించుకున్న గడప ఇంకెందుకు ప్లేయర్, గుమ్మానికి అడ్డం తప్ప?”

అతను కాగితం వెనక్కి జరిపాడు. వేలు ప్యాంటుకి తుడుచుకుని, అయినా మిగతా బాక్సులు కూడా చూస్తానని వెళ్ళిపోయాడు, చూడనీ, చూడడం ఎప్పుడూ నష్టం కాదు. ఆమెకి గుండె దడ లేదు, చేతులు చల్లబడలేదు, ఇలాంటి సమయంలో భయపడాలి కాబోలు అని ఒకసారి లోపలికి చూసుకుంది గానీ అక్కడ భయం లేదు, చిక్కుముడి విప్పడానికి కూర్చున్నప్పటి దురద మాత్రం ఉంది. మెత్తనిది. వచ్చినది. ఇప్పుడు కారులో లేనిది. కారులోంచి దిగినవేమిటి, కళ్ళజోడు, దాన్ని చూశాం, డబ్బా, దాన్నీ చూశాం. ఇంకేం దిగింది. ఇంకేం దిగలేదు. మనిషి దిగాడనుకో. ఆ మాటా అడిగారు, అది మామూలుగా అడిగే ప్రశ్నే, ఆసుపత్రుల్లో కొన్ని స్కాన్లకి ఒంట్లోకి రేడియేషన్ మందు ఎక్కిస్తారు, ఆ మనిషి గడప దాటితే గడప మోగుతుంది, అందుకని పరీక్షాధికారి ఆయన్ని మర్యాదగానే అడిగాడు, ఈమధ్య ఏదైనా స్కాన్ చేయించుకున్నారా అని. లేదండీ అన్నాడాయన. చేతి డిటెక్టరు పట్టుకుని ఒళ్ళు చూడాలా అన్నట్టు ఆ అధికారి ఆమె వైపు చూస్తే, ఆమే నవ్వేసి, ఆయన నోట్లో నువ్వుగింజ నానదండీ, చేయించుకుని ఉంటే ఈపాటికి మీకూ నాకూ ఈ కార్ఖానా అంతటికీ తెలిసిపోయి ఉండేదని చెప్పింది. అందరూ నవ్వారు. ఆయన కూడా నవ్వాడు. ఆ ప్రశ్న అక్కడితో కొట్టేశారు.

నానదు, నిజంగానే. పెళ్ళయిన కొత్తలో ఆమె పుట్టినరోజుకి గుట్టుగా చీర కొని, ఆశ్చర్యపరుద్దామని బీరువాలో దాచి, భోజనాల వేళకల్లా రంగు ఎలా ఉందో చూడకూడదు సుమా అనేశాడు. కూతురు నెల తప్పిందని ఇంట్లో మాట ఇంట్లోనే ఉంచమంటే, పొద్దున్నే ఈతకొలను దగ్గర పిల్లలందరూ మాస్టారూ తాతగారవుతున్నారా అని అరిచారు. గడప పనిచేసిందన్న సంగతి పేటెంటు కాగితాలకంటే ముందు మంగలికి తెలిసింది. అలాంటి మనిషి ఈ రెండు రోజులుగా గమ్మున ఉన్నాడు. అలిగాడని ఆమెకి తెలుసు. మొన్న రాత్రి భోజనాల దగ్గర, రేపు పొద్దున ఒక గంట ఖాళీ ఉంటుందా నీకు, అని అడిగాడు, ఎందుకని కూడా ఆమె అడగలేదు, పరీక్ష అయ్యేదాకా నన్నేమీ అడగకండి, గంటకాదు నిమిషం కూడా లేదు, అంది, సరేలే అని కంచం తీసుకెళ్ళి కడిగేసుకున్నాడు. అలగక ఏం చేస్తాడు. పరీక్ష గట్టెక్కనీ, బతిమాలుకుంటాను, ఒక గంటేం ఖర్మ, వారం రోజులు ఆయన వెంటే తిరుగుతాను, ఎక్కడికి రమ్మంటే అక్కడికి. ఆ నీళ్ళు కూడా, నిన్నంతా చెంబులకి చెంబులు నీళ్ళు తాగుతూనే ఉన్నాడు, ఎండలు కూడా లేవు.

కిటికీ అవతల, వాహనాలు తూచే చోట రేకుల నీడ కింద పొడుగాటి సిమెంటు బల్ల ఉంది. ఆయన దాని మీద ఒక్కడే కూర్చున్నాడు, చేతులు మోకాళ్ళ మధ్య పెట్టుకుని, మందలింపు తిన్న పిల్లాడిలా. తూకం గుమాస్తా అమ్మాయి టీ గ్లాసు పట్టుకుని మెల్లగా నడిచొచ్చి బల్లకి అవతలి చివర కూర్చుంది, నిండు నెలలు, ఒక చెయ్యి నడుమ్మీద. ఇంకేం, మొదలుపెడతాడు, ఎన్నో నెలమ్మా, మా అమ్మాయికి కూడా అని, మనవడి పళ్ళ దగ్గర్నించీ చెప్పుకొస్తాడు. చెప్పలేదు. లేచాడు. ఆ అమ్మాయి కూర్చోండంకుల్ అన్నట్టుంది, చేత్తో పర్వాలేదన్నట్టు సైగ చేసి నీడ దాటి, మళ్ళీ మొదలైన తుంపరలోకి వెళ్ళి నిలబడ్డాడు. వెళ్ళినవాడు వెనక్కి తిరిగి ఎంత దూరం వచ్చాడో చూసుకుని, చాలదన్నట్టు ఇంకొంచెం జరిగాడు. వానలో తడుస్తూ గొంతెత్తి అక్కణ్ణించే ఏదో అడిగాడు, ఆ అమ్మాయి నవ్వుతూ జవాబిచ్చింది. ఏమిటీ మనిషి, నీడ పెట్టుకుని తడవడమేమిటి, మాటలాడేవాడు మాటలాడకా మానలేదు, కూర్చోనూ కూర్చోలేదు, దూరం కొలుచుకున్నట్టు జరిగాడు. దూరం. ఆమె చేతిలో కాగితం బల్ల మీదికి జారింది. నిన్న సాయంత్రం కూతురు మనవణ్ణి తీసుకొస్తే, గుమ్మంలో చెప్పులు విప్పకముందే పిల్లాణ్ణి లాగేసుకునే మనిషి, చేతులు బాగోలేవురా కన్నా అని గుమ్మం అవతలే నిలబడి చెయ్యూపాడు, వాడు చేతులు చాచి ఏడిస్తే వెళ్ళి పెరట్లో నిలబడ్డాడు. రాత్రి దగ్గొస్తోందని ముందు గదిలో పడుకున్నాడు, ఆ గది తలుపుకి ఇవతల ఆమె మేలుకునే ఉంది, దగ్గు ఒక్కటీ వినబడలేదు. అలక అనుకుంది. ఇంత పెద్ద అలకా అని కొంచెం కోపం కూడా తెచ్చుకుంది. పసిపిల్లలకి దూరంగా, కడుపుతో ఉన్నవాళ్ళకి దూరంగా, పక్కన పడుకునేవాళ్ళకి దూరంగా, నీళ్ళు బాగా తాగండి, ఒకటి రెండు రోజులు చాలు. ఆ వాక్యాలు ఆమెకి కంఠతా వచ్చు. ఆసుపత్రులవాళ్ళు ఇచ్చే ఆ జాగ్రత్తల చీటీ సరిగ్గా ఉందో లేదో చూసిపెట్టమని అడిగితే, ఒకప్పుడు కామాలతో సహా దిద్దిచ్చింది తనే.

పిల్లను చంకన పెట్టుకుని ఊరంతా వెతికినట్టు. తుక్కులో నలిగిపడి ఉన్న రేడియేషన్ ముక్కని వందడుగుల దూరం నుంచి పట్టే మనిషి, తన మంచానికి గోడ అవతల ఉన్నదాన్ని పట్టలేకపోయింది. నవ్వొచ్చింది ముందు, నిజంగా నవ్వొచ్చింది, నేను చెప్పలేదూ తడి వైరు కాదని, నా తల్లే, ఎంత చక్కగా గీశావే కొండని అని కాగితాన్ని చూసి మురిసిపోయింది, ఆ మురిపెం ముగియకముందే అడుగునుంచి రెండోది లేచింది, స్కాను. ఏ స్కాను. మెత్తని కిరణం, నిన్న పొద్దున్నది, ఆ వయసువాళ్ళకి అలాంటి స్కాను ఎందుకు చేస్తారో ఆమెకి తెలియదా. ఈమధ్య కొలనులో ఒక్క చుట్టు ఈదగానే గట్టు పట్టుకుని నిలబడిపోతున్నాడు, వయసు మీదపడుతోందోయ్ అంటే అవునని తల ఊపి తన లెక్కలోకి తను వెళ్ళిపోయింది. ఆ గంట. ఆయన అడిగిన ఆ ఒక్క గంట. సిగ్గేసింది ఆమెకి, ఒంటినిండా సిగ్గు, ఎవరి ముందో కాదు, తన ముందు తనకే. కుర్చీ వెనక్కి నెట్టి బయటికి నడిచింది, కళ్ళజోడు మళ్ళీ బల్ల మీదే మర్చిపోయింది.

తుంపర ముఖానికి చల్లగా తగిలింది. ఆయన ఆమె రావడం చూసి రెండడుగులు వెనక్కి వేశాడు, అలవాటు కొద్దీ. ఆమె ఆ రెండడుగులూ కలిపి దగ్గరికి వెళ్ళి నిలబడింది.

“నిన్న ఏ ఆసుపత్రికి వెళ్ళారు?”

వెళ్ళారా అని అడగలేదు. ఆయన ఆమెనీ, ఆమె భుజం మీంచి గడపనీ చూశాడు.

“అది చెప్పేసిందా?”

“మీరు చెప్పలేదుగా మరి.”

“ఒక్క రోజే కదా, నానుతుందిలే అనుకున్నాను,” అన్నాడు, నవ్వబోయి ఆగిపోయాడు. మిగతాదంతా గబగబా, ఇన్నాళ్ళూ మూసిపెట్టిన పంపు తిప్పినట్టు చెప్పేశాడు. ఆయాసం వస్తోందని వెళ్తే గుండెకి స్కాన్ తీశారు, ఒక రక్తనాళం సన్నబడింది, పెద్ద భయమేమీ లేదన్నారు గానీ ఆలస్యం చెయ్యద్దన్నారు, రేపు పొద్దున వచ్చి చేరమన్నారు, నీ పరీక్ష ఇవాళ్టితో అయిపోతుంది కదా, రాత్రికి చెబుదామనుకున్నా. మందు అప్పుడే కడుక్కుపోయి ఉంటుందనుకున్నా, అన్ని నీళ్ళు తాగాను కదా. ఆ అధికారి అడిగినప్పుడు నువ్వు పక్కనే ఉన్నావు, నీ ముందు అవునని ఎలా అనను. మోత మోగినప్పట్నించీ నాకు అనుమానంగానే ఉంది, నీతో విడిగా చెబుదామని చూస్తే నువ్వా గదిలోంచి బయటికే రావు.

“ఆ గంట ఇందుకేనా అడిగింది?”

“ఊఁ.”

ఆయన్ని కొట్టాలనిపించింది, పట్టుకుని ఏడవాలనిపించింది, రెండూ చెయ్యలేదు, అందరూ చూస్తున్నారని కాదు, ఆ రెంటికంటే ముందు చెయ్యవలసిన పని ఒకటుంది గనక. కానీ ఆ పని ఆమె నోటితో ఎలా చెప్పాలి. మీ గుండె సంగతి అందరి ముందూ పెట్టండి, నా యంత్రం గెలవాలి అని మొగుణ్ణి అడిగే పెళ్ళాం ఉంటుందా. గెలవకపోతే పోనీ అనుకోవడానికి ఒక్క క్షణం ప్రయత్నించింది, అన్నయ్య చెయ్యి కళ్ళముందుకొచ్చింది, అనుకోలేకపోయింది. ఆయన ఆమె ముఖం చూస్తూ నిలబడ్డాడు. ఇన్నేళ్ళు ఆ ముఖం మీద లెక్కలు తగ్గడం పెరగడం చూసిన మనిషి, ఆయనకి వేరే చెప్పనక్కర్లేదు. చొక్కా సర్దుకుని తిన్నగా పరీక్షాధికారి దగ్గరికి నడిచాడు.

“ఇందాక నేను మీకు అబద్ధం చెప్పానండీ. నిన్న గుండెకి స్కాన్ చేయించుకున్నాను. ఈవిడకీ తెలియదు. తప్పు నాది, ఆ గడపది కాదు.” చెప్పి, ఎవరూ అడగకముందే వెళ్ళి రెండు స్తంభాల మధ్య నిలబడ్డాడు, కొలను గట్టున నిలబడ్డట్టు నిటారుగా, రొమ్ము ముందుకి. గడప మోగింది. తూకం గుమాస్తా అమ్మాయి నోటికి చెయ్యడ్డం పెట్టుకుంది. లారీ డ్రైవర్లు బళ్ళు దిగి వచ్చారు. ప్లేయర్ చేతిలో బాక్సు మూతతో బురదలోంచి లేచాడు. ఈసారి స్ఫటికానికి తొందర లేదు, ఆయన కదలకుండా నిలబడ్డాడు, కాస్సేపటికి తెర మీద కొండ ఎక్కడ నిలవాలో సరిగ్గా అక్కడ నిలిచింది, దాని కింద పేరు కూడా వచ్చింది, గుండె స్కాన్లలో వాడే మందు పేరు, నిన్న ఎక్కించినదాంట్లో ఇవాళ్టికి ఏ కాస్తో మిగిలినది, మామూలు యంత్రమైతే కారు తలుపుల వెనక నుంచి దాని ఊసే తెలుసుకోలేదు. పరీక్షాధికారి తెర చూశాడు, ఆయన్ని చూశాడు, ఆమెని చూసి, కలం మూత తీసి, మోత సరైనదే, కారణం చూపించారు అని రాసి, రాసినది పైకి చదివి వినిపించాడు. తరవాత ఏమనుకున్నాడో తల మీది టోపీ తీసి ఆయనతో, మీరు కూర్చోండి మాస్టారూ, నిలబడకండి, అన్నాడు.

తడి వైరు కాదన్నమాట, అన్నాడు ప్లేయర్ ఎవరితోనో అన్నట్టు. ఆమె విజయగర్వంతో ఉబ్బిపోయింది, ఆ మాట దాచడమెందుకు, మొగుడి గుండె సంగతి తెలిసిన ఆ క్షణంలోనే ఉబ్బిపోయింది, రెండూ ఒకే గుండెలో ఇరుక్కుని ఉన్నాయి. సన్నబడిన నాళం దొరికింది. దొరికింది కదా. దొరికినదానితో భయం లేదు, ఆమె నమ్మకమంతా ఇన్నేళ్ళూ అదే, మనుషుల్ని తినేది దొరకనిదే, జేబులో గుట్టుగా కూర్చునేదే, దొరికినదాన్ని ఏం చెయ్యాలో తెలిసినవాళ్ళు ఎప్పుడూ ఎక్కడో ఒకచోట ఉంటారు. రేపు కాదు, ఇవాళే ఆసుపత్రికి. షిఫ్టు దిగేదాకా ఇంకా పరీక్ష ఉంది, చివర్లో మీరు సంతకం పెట్టాలి అని పరీక్షాధికారి గుర్తుచేశాడు. అది నిలబడుతుందండీ, దాని పక్కన నేనక్కర్లేదు, సంతకం రేపు పెడతాను, అందామె. ప్లేయర్ ఇక్కడే ఉంటాడని చెప్పింది. ప్లేయర్ తన కటింగ్ ప్లేయర్ జేబులో పెట్టుకుని గడప పక్కన తోడుపెళ్ళికొడుకులా హుందాగా నిలబడ్డాడు.

“తాళాలు ఇటివ్వండి,” అంది ఆయనతో. ఇచ్చాడు. ఆమె నడిపితే సీటు పట్టుకుని కూర్చునే మనిషి, మారు మాట్లాడకుండా పక్క సీట్లో కూర్చున్నాడు. బయటికి దగ్గర దారి ఆ స్తంభాల మధ్యనుంచే. వెనక గేటు ఒకటుంది, అటు తిప్పు, మళ్ళీ మోగుతుంది, అందరూ చూస్తారు అని గొణిగాడు.

“చూడనివ్వండి.”

కారు మెల్లగా కదిలింది. స్తంభాల మధ్యకు రాగానే ఎర్ర దీపం వెలిగింది, మోత మోగింది, ఈసారి ఎవరూ పరుగెత్తలేదు, కాపలావాడు చెయ్యెత్తి పోనిమ్మన్నాడు, లారీవాళ్ళు పక్కకి జరిగి దారిచ్చారు. మోత ఆగేదాకా ఆమె ముందుకే చూస్తూ నడిపింది, రోడ్డు మీదికి వచ్చాక మాత్రం నాలుగు దారులు కలిసేచోట బండి ఆపింది, ఎటు తిప్పాలో తెలియలేదు. ఎడమ చేత్తో ఆయన చెయ్యి పట్టుకుంది.

“దారి చెప్పండి,” అంది. “నిన్న నేను రాలేదుగా.”